మిణుగురు చేతివాటం

కరెంటు లేకపోబట్టే ఆ ఆట మా ఇంట్లోకి వచ్చింది. 2002 ఎండాకాలం. రాజమండ్రిలో మా వీధికి రోజూ మధ్యాహ్నం రెండింటి నుంచి ఐదింటి దాకా కోత. టీవీ లేదు, ఫ్యాను లేదు. ముందుగది గచ్చు తడిగుడ్డతో తుడిచి, కిటికీలకు వట్టివేళ్ల తడికెలు దించి, చాపలు పరుచుకుని అందరం అక్కడే పడి ఉండేవాళ్లం. మా నాన్నగారు వీరభద్రం గారు హైస్కూల్లో సోషల్ మాస్టారు. అన్నయ్య ఉదయ్‌భాస్కర్ డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాడు. వాడి చెల్లెల్ని నేను, బీయే రెండో సంవత్సరం పరీక్షలు రాసి కూర్చున్నాను. అందరికీ సెలవులే, అమ్మకీ, మాఘమాసంలో కొత్తగా కాపరానికొచ్చిన వదినకీ తప్ప.

కాకినాడలో ఇంజనీరింగ్ చదివే మా బాబాయి కొడుకు మణిశంకర్ ఏటా సెలవుల్లో మా ఇంటికొచ్చి నెల్లాళ్లుండేవాడు. ఆ ఏడు వస్తూ వస్తూ హాస్టల్లో సీనియర్ ఎవరో ఇచ్చిన జిరాక్సు పుస్తకమూ, ఇరవై ముఖాలున్న పాచికా తెచ్చాడు.

"దీనికి బోర్డుండదు, పావులుండవు," అని వివరించాడు. "ఒకళ్లు కథ చెప్తారు. మిగతావాళ్లు తలో వేషం వేసుకుని ఆ కథలోకి దిగుతారు. అడివిలో పులి ఎదురైందనుకోండి, అప్పుడేం చేస్తారో మీరే చెప్పాలి. అది మీవల్ల అయిందో లేదో పాచిక చెప్తుంది, పెద్ద అంకె పడితే అయినట్టు."

"మరి గెలిచేదెవరు?" అన్నారు నాన్నగారు.

"ఎవరూ గెలవరు పెదనాన్నా. అందరూ కలిసి ఒకే పని మీద బయల్దేరతారు."

"గెలుపు లేని ఆటేంట్రా!" అన్నారు గానీ, పాచిక చేతిలోకి తీసుకుని ఇరవై ముఖాలూ ఉన్నాయో లేదో తిప్పి తిప్పి చూసుకున్నారు.

మొదటిరోజు మణే కథ చెప్పాడు. ఒక్కో పేరా ఇంగ్లీషులో చదివి, దాన్ని తెలుగు చేసి చెప్పేసరికి నాన్నగారికి కునుకు పట్టేసింది. రెండోరోజు నుంచి కథ చెప్పే పని నా మీద పడింది. పుస్తకం పక్కన పెట్టి, ఆ కొండలకీ కోటలకీ నాకు తోచిన పేర్లు పెట్టుకుని చెప్పడం మొదలుపెట్టాను. అన్నయ్య యోధుడయ్యాడు. మణి మాంత్రికుడు. నాన్నగారు చాలాసేపు ఆలోచించి "నేను వైద్యుణ్ణి" అని, తన సంచిలో ఏయే మూలికలున్నాయో ఒక తెల్లకాగితం మీద గుండ్రటి అక్షరాలతో రాసుకున్నారు.

వదిన పేరు హైమవతి. రామచంద్రపురం వాళ్లు. విశాఖలో ఎమ్మెస్సీ లెక్కలు చదివింది. మా ఇంటికొచ్చి మూడు నెలలవుతున్నా "అలాగేనండి" తప్ప ఆవిడ నోట నేను విన్నది తక్కువ. ఆ మధ్యాహ్నం వంటింట్లో గిన్నెలు సర్దుకుని వచ్చి, తలుపు పక్కన నిలబడి చూస్తోంది.

"నువ్వూ రా వదినా. ఏ వేషం కావాలి?" అన్నాను.

ఆవిడ తడుముకోలేదు.

"దొంగ," అంది.

అందరం నవ్వాం. ఆవిడ వచ్చి కూర్చుని, కాగితం అడిగి తీసుకుని, పైన 'మిణుగురు' అని పేరు రాసుకుంది.

మొదట్లో సరదాగానే ఉంది. సంతలో ఒక వర్తకుడి కళ్లుగప్పి మిణుగురు కొండదారి పటం కొట్టేసింది. అది లేకపోతే మేం ముందుకే వెళ్లలేం. "మా ఆవిడ చేతివాటం చూశారా!" అని అన్నయ్య మురిసిపోయాడు. మర్నాడు కథలో తెల్లవారి అన్నయ్య యోధుడు లేచి చూసుకుంటే నడుమున కత్తి లేదు.

"ఎవరు తీశారు?" అన్నాడు అన్నయ్య, నిజంగానే చుట్టూ వెతుకుతున్నట్టు.

వదిన ఏం తీయబోతోందో ముందే చీటీ మీద రాసి నాకందించింది. పాచిక వేస్తే పద్ధెనిమిది పడింది. ఇక నేను చేసేదేముంది?

"మిణుగురు దగ్గరుందండి," అంది వదిన తలొంచుకుని. నవ్వాపుకోవడానికి పెదవి కొరుక్కుంటోంది. ఆవిడ అలా నవ్వడం నేనంతకుముందు చూడలేదు.

అక్కడి నుంచి ఆగలేదు. మణి ఉంగరం పోయింది. అన్నయ్య డాలు పోయింది. నాన్నగారి చెప్పులు పోయాయి, పాపం వైద్యుడు రెండు రోజులు ముళ్లదారిలో ఉత్తకాళ్లతో నడిచాడు. కథ సాగడం మానేసింది. పొద్దస్తమానం ఎవరిది ఏం పోయింది, ఎక్కడ దాచింది, ఇదే గోల. బుద్ధి చెబుదామని నేనొక కోటలో మిణుగురుని రాజభటులకి పట్టించాను. వదిన పాచిక వేస్తే పంతొమ్మిది. చెరసాల తాళాలతోపాటు కాపలావాడి తలపాగా కూడా పట్టుకుని బయటికొచ్చేసింది. అన్నయ్యా నాన్నగారూ పగలబడి నవ్వారు. మణి నవ్వలేదు.

"నువ్విలా వదిలేస్తే ఇది ఆటలా ఉండదు ఫణీ," అన్నాడు నాతో తర్వాత పెరట్లో.

మే నెల రెండో వారంలో అనుకుంటాను, అందరూ పాడుబడ్డ కోట లోపలికి చేరారు. అక్కడ రాతి ఎలుగుబంటి ఒకటి వాళ్ల మీద పడింది. మణి మాంత్రికుడికి గట్టి దెబ్బ తగిలింది. ప్రాణం పోయేలా ఉంది.

"ఆగండాగండి, నేనున్నాను కదా," అంటూ నాన్నగారు చాప మీద ముందుకు జరిగారు. కళ్లజోడు సవరించుకుని తన కాగితం చూసుకున్నారు. "నల్లవేరు అరగదీసి గాయానికి పట్టిస్తున్నాను."

వదిన చీటీ అంతకుముందే నాకిచ్చేసింది.

"సంచి ఖాళీగా ఉందండి నాన్నగారూ."

ఆయన వదిన వైపు చూశారు. అందరూ చూశారు. వదిన ముఖం పాలిపోయింది. మూలికలు దాచడానికి మిణుగురు కోట గోడ అవతలికి వెళ్లిపోయి ఉంది.

"తెచ్చేస్తాను, పరిగెత్తుకొచ్చి ఇచ్చేస్తాను," అని పాచిక లాక్కుని వేసింది. మూడు పడింది.

మాంత్రికుడు చచ్చిపోయాడు.

మణి మూడు వారాలుగా మంత్రాలన్నీ రాసుకున్న కాగితాన్ని నిలువునా చింపి, ముక్కలు చాప మీద పెట్టి లేచి వెళ్లిపోయాడు. ఇరవయ్యేళ్లవాడు, వాడి కళ్లల్లో నీళ్లు తిరగడం చూసి నాకేదోలా అయింది. నవ్వుదామన్నా ఎవరికీ నవ్వు రాలేదు.

"ఆటని ఆటలా ఆడొచ్చు కదా హైమా," అన్నాడు అన్నయ్య.

వదిన చీటీలన్నీ ఏరి కుప్ప పెట్టింది.

మర్నాడు నాన్నగారు బడిలో చెప్పినట్టు చెప్పారు. "మనవాళ్ల వస్తువులు మనవాళ్లు తీయకూడదు. ఇకమీదట ఇది రూలు."

"అలాగేనండి మావయ్యగారూ," అంది వదిన.

ఆట మొదలైంది. మణి వేరే వేషం వేసుకోనన్నాడు, గోడకానుకుని పేపరు చదువుకున్నాడు. నది దాటాల్సిన చోటొచ్చింది. "మిణుగురు ఏం చేస్తుంది వదినా?" అన్నాను. "ఏం చేయదు. కూర్చుంటుంది," అంది. అడ్డంగా గేటొచ్చింది. "మిణుగురు?" "కూర్చుంటుంది." మూడోసారి నేనడగలేదు. నాలుగింటికే చాపలు చుట్టేశాం.

ఆ తర్వాత రెండు రోజులు ఎవరూ ఆట మాటెత్తలేదు. అన్నయ్యా వదినా మాట్లాడుకోవడం మానేశారు. కంచం పెట్టడం, తీయడం, అంతే. మణి తన బ్యాగు సర్దుకున్నాడు. భోజనాల దగ్గర ఎంత నిశ్శబ్దమంటే, వడ్డిస్తున్న అమ్మే విసుక్కుంది. "ఆ పుస్తకమేదో అటకెక్కించండి. ఆడుకోమంటే పోట్లాట తెచ్చి ఇంట్లో పెట్టారు."

ఆ సాయంత్రం అమ్మ నన్నూ వదిననీ ముంజలు తెమ్మని పంపింది. గోదావరి గట్టు మీద పాపాయమ్మ అనే ఆవిడ రోజూ తాటికాయల గెలలు పోసుకుని కూర్చునేది. మేం వెళ్లేసరికి ఎవరో ఇద్దరు ముందున్నారు. కాయకొట్టడం, ముంజ చెదరకుండా బొటనవేలితో లేపడం చూస్తూ నిలబడ్డాం. నదిలో నీళ్లు బాగా తీసిపోయి ఇసుక దిబ్బలు తేలాయి.

"టైమెంతైంది ఫణీ?" అంది వదిన.

నేను చెయ్యి తిప్పి చూసుకున్నాను. "ఆరుంబావు."

"బాగానే నడుస్తోందన్నమాట నా వాచీ," అంది.

మామూలుగానే అంది. ముంజలు చూస్తూనే అంది. నాకు చెవుల దాకా వేడెక్కింది. ఏప్రిల్లో నా వాచీ ఆగిపోతే, పరీక్షకి ఆలస్యమవుతోందని వదిన బల్ల మీదున్నది తీసి పెట్టుకుని పరిగెత్తాను. పరీక్షలు అయిపోయి నెల దాటింది. అది నాది కాదన్న సంగతే మర్చిపోయాను.

గొలుసు విప్పబోతుంటే వదిన వారించింది. "ఇప్పుడు రోడ్డు మీదెందుకులే."

"చెప్పొచ్చు కదా వదినా."

"ఏమని చెప్పను? వచ్చి నాలుగు నెలలు కాలేదు, వాచీ కోసం గొడవ చేసిందంటారు. అడిగుంటే ఇచ్చేదాన్నే. మీ ఇంట్లో చెడ్డవాళ్లెవరూ లేరు ఫణీ. కానీ ఎవరూ అడగరు. నా కాలిక్యులేటర్ మీ అన్నయ్య కాలేజీలో ఉంది. నా చీరలు అత్తయ్యగారి బీరువాలో ఉన్నాయి. పొద్దున్నే ఆవిడ తీసిచ్చింది కట్టుకుంటాను. నా లెక్కల పుస్తకాలు మావయ్యగారు ఎవరో పిల్లలకిచ్చారు, మంచి పనే, కాదనను."

పాపాయమ్మ ముంజలు తాటాకులో చుట్టి ఇచ్చింది. వదిన అందుకుంది. ఇద్దరం గట్టు వెంట నడిచాం.

"ఆటలో అయితే మీ అన్నయ్య వచ్చి నా కత్తేది హైమా అనడుగుతారు. మావయ్యగారు, నా చెప్పులిచ్చెయ్యమ్మా అంటారు. వాళ్లలా అడుగుతుంటే బలే ఉండేది." నవ్వబోయి ఆగిపోయింది. "మణి వేషం చచ్చిపోతుందనుకోలేదు. అది మాత్రం నాదే తప్పు. అన్నం సహించడం లేదు నాకు."

రైలు వంతెన మీద బండి పోతోంది. ఒక దొంగని ఎలా దారికి తేవాలా అని వారం రోజులుగా కొత్త కొత్త భటుల్నీ తాళాల్నీ కల్పిస్తూ కూర్చున్నాను, ఎందుకు తీస్తున్నావని ఒక్కసారి అడిగితే సరిపోయేది.

మర్నాడు మణిని బతిమాలి ఇంకొక్కరోజు ఆపాను. రెండింటికి కరెంటు పోగానే చాపలు పరిచి అందర్నీ పిలిచాను. నాన్నగారు వచ్చారు, అన్నయ్య వచ్చాడు. వదిన ఒక మూల కూర్చుంది. అమ్మ వంటింటి గడప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"కథకి ముందొక మాట," అన్నాను. వాచీ విప్పి వదిన ముందు పెట్టాను. "ఇది నేను అడక్కుండా తీసుకున్నాను వదినా. నెల దాటినా ఇవ్వలేదు."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అన్నయ్య వాచీ వంక, వదిన వంక మార్చి మార్చి చూశాడు. మెల్లిగా అన్నాడు.

"నీ కాలిక్యులేటర్ స్టాఫ్‌రూంలో నా సొరుగులో ఉంది. రేపు తెస్తాను."

వదిన తలెత్తి అన్నయ్యని చూసింది.

"ఫ్రిజ్ వెనకాల వదిన దాచుకున్న మామిడితాండ్ర నేనే తినేశాను," అన్నాడు మణి హఠాత్తుగా. "మొత్తం."

వదినకి నవ్వొచ్చింది. అన్నయ్యకీ వచ్చింది. అప్పుడే నాన్నగారు లేచి తన గదిలోకి వెళ్లిపోయారు. కోపమొచ్చిందనుకున్నాను. సొరుగు తెరిచిన చప్పుడు, మూసిన చప్పుడు. ఆయన చేతిలో ఒక కవరుతో తిరిగొచ్చి, కూర్చోకుండానే వదినకిచ్చారు.

"ఇది మీ నాన్నగారు పంపించారమ్మా. పన్నెండు రోజులైంది వచ్చి. పెళ్లికి ముందు నువ్వు పెట్టుకున్న అప్లికేషన్‌ట, ఇక్కడే ఊళ్లో జూనియర్ కాలేజీ. ఇంటర్వ్యూకి రమ్మన్నారు. కొత్తకాపరం, ఇప్పుడప్పుడే ఉద్యోగమేం చేస్తుందిలే అనుకుని..." ఆయన మాట మధ్యలో ఆగింది. "నిన్నడగలేదు," అన్నారు.

వదిన కాగితం విప్పి చదువుకుంది. మడిచింది. మళ్లీ విప్పి తారీఖు చూసుకుంది.

"ఎప్పుడు?" అన్నాడు అన్నయ్య.

"ఎల్లుండండి."

"ఎల్లుండా! నాన్నగారూ, మీరసలు..."

"ఏమండీ, ఊరుకోండి," అంది వదిన. ఆవిడ అన్నయ్య మాటకి అడ్డం రావడం అదే మొదటిసారి. కాగితం కవర్లో పెట్టి, వాచీ చేతికి పెట్టుకుంది. "వెళ్తాను మావయ్యగారూ. అది ఎల్లుండి కదా. ఈ పూట మణి మాంత్రికుణ్ణి వెనక్కి తెద్దాం. ఏదైనా దారుందా ఫణీ?"

దారి పుస్తకంలో లేదు. నేనప్పటికప్పుడు కల్పించాను. చచ్చిపోయినవాళ్ల ప్రాణాలు దీపాలై వెలిగే గుహ ఒకటుంది, దాన్ని ఒక గుడ్డి ముసలమ్మ కాపలా కాస్తుంది, చీమ చిటుక్కుమన్నా ఆవిడకి వినపడుతుంది. మణి దీపం ఆరకుండా, చప్పుడు కాకుండా బయటికి తేవాలి.

"అది మిణుగురు పనే," అన్నాడు అన్నయ్య. "నేను గుహ అవతల రాళ్లు దొర్లించి ముసలమ్మని అటు లాగుతాను."

"దీపంలో చమురు అయిపోతే?" అన్నారు నాన్నగారు తన కాగితం వెతుక్కుంటూ. "నా సంచిలో ఆముదం ఉంది, పట్టుకెళ్లమ్మా."

"అడిగి తీసుకుంటున్నానండి మావయ్యగారూ," అంది వదిన.

"ఇచ్చి పంపిస్తున్నానమ్మా," అన్నారాయన గంభీరంగా.

పదిహేనూ, ఆపైన పడాలన్నాను. వదిన పాచికని రెండు చేతుల మధ్య చాలాసేపు ఆడించి వదిలింది. అది చాప దాటి, గచ్చు మీద దొర్లి, పడకకుర్చీ కిందికి పోయింది. నలుగురూ మోకాళ్ల మీద పాకారు. మణి అందరికంటే ముందు తల దూర్చాడు. లోపల్నుంచే అరిచాడు.

"పదహారు! పదహారు వదినా!"

వాడు చింపేసిన కాగితం ముక్కల్ని అన్నయ్య ఎప్పుడు ఏరి దాచాడో, జేబులోంచి తీసి టేపుతో అతికించి ఇచ్చాడు. బ్యాగు సర్దుకున్నవాడు ఇంకో పది రోజులుండిపోయాడు.

మిణుగురు దొంగతనాలు మానలేదు. కాకపోతే మా ఒప్పందం మారింది. మనవాళ్ల దగ్గర ఏదైనా తీయాలంటే ముందు ఆ మనిషిని అడగాలి, సరేనంటేనే పాచిక వేయాలి. విచిత్రమేమిటంటే అందరూ సరేననేవాళ్లు. ఒప్పుకుని కూడా అన్నయ్య మర్నాడు "అయ్యో, నా డాలు!" అని గుండెలు బాదుకునేవాడు.

ఇంటర్వ్యూ రోజు పొద్దున్న అమ్మ బొడ్లోంచి బీరువా తాళంచెవి తీసి వదిన చేతికిచ్చింది. "నీకేది బాగుంటుందో నాకేం తెలుసు, నువ్వే తీసుకో," అంది. వదిన నీలం నేతచీర కట్టుకుని అన్నయ్య స్కూటర్ మీద వెళ్లింది. మధ్యాహ్నం వచ్చి, బోర్డు మీద లెక్క చేయించారనీ, చాక్‌పీసు విరిగిపోయిందనీ చెప్పింది. వారం తిరిగేసరికి ఉద్యోగమిచ్చినట్టు కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. ఈసారి పోస్టుమాన్ దగ్గర తీసుకున్న నాన్నగారు వీధిగుమ్మంలోంచే "అమ్మా హైమా, నీకే!" అని పిలిచారు. తాళంచెవి మళ్లీ అమ్మ బొడ్లోకి వెళ్లలేదు, తలుపు పక్కన మేకుకి వేలాడింది.

జూన్ మూడో వారంలో కాలేజీలు తెరిచారు. కరెంటు కోతలూ తగ్గాయి. పొద్దున్న ఎనిమిదింటికల్లా వదిన వెళ్లిపోవడంతో వంటిల్లు ఒక్కదాని మీద పడి అమ్మ మొదట్లో కాస్త సణిగింది. నాన్నగారు కూరలు తరగడం నేర్చుకున్నారు, వంకరటింకరగా. ఆట ఆదివారాలకి మారింది.

అలాంటి ఒక ఆదివారం బయట జల్లు పడుతోంది. చాపలు పరుచుకున్నాం. సెలవుకి వచ్చిన మణి పాచిక తీశాడు. నేను కథ ఎత్తుకోబోతుంటే అమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, నాన్నగారిని కొంచెం జరగమని పక్కన కూర్చుంది. ఆవిడ మా ఆటలో కూర్చోవడం అంతవరకూ లేదు. అందరం చూస్తున్నాం.

"ఏంటలా చూస్తారు? నాకూ ఒక కాగితం ఇయ్యండి," అంది అమ్మ.

వదిన తన పుస్తకంలోంచి ఒక కాగితం చించి, పైన అమ్మ పేరు 'లలితాంబ' అని రాయబోయి ఆగింది. "పేరు మీరే పెట్టుకోండి అత్తయ్యగారూ. ఏ వేషం వేస్తారు?"

అమ్మ కాసేపు కిటికీలోంచి వాన చూసింది.

"గుర్రం ఉండే వేషం ఏదైనా ఉందా?"

"ఉంటుందమ్మా," అన్నాను. "గుర్రమెక్కి ఎక్కడికెళ్తావు?"

"ఏమోనే," అంది అమ్మ, పెన్ను కోసం చెయ్యి చాపుతూ. "ముందు ఎక్కనీ."